ఏడు ఆధరువులూ బాగానే ఉన్నాయి

నేను ఒకసారి అన్నంలో నంజుకునే ఏడు ఆధరువులతో ఒక పెద్దమనిషిని ఈ లోకం దాటించాను. విషం కలపలేదు. ఉప్పు ఎక్కువ కాలేదు. ఏదీ మాడలేదు. ఏడూ రుచిగా ఉన్నాయని తిన్నవాళ్లే చెప్పారు. అయినా ఆ విస్తరి ముందు కూర్చున్న మనిషి మొహంలో రంగు దిగిపోయిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతిలో గరిటె ఆగిపోతుంది. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

లెక్కగా చెప్తాను. తారీకు లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు. అది జయ నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి, బుధవారం. ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నేను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు కాపురానికి వచ్చి అప్పటికి నూటపదిహేడు రోజులు. వయసు పద్దెనిమిదేండ్ల నాలుగు నెలలు. వంటలో నాకు నేను వేసుకున్న మార్కులు నూటికి తొంభై ఆరు. మిగతా నాలుగూ వినయం కోసం వదిలిపెట్టాను.

మా అత్తగారు సుబ్బమ్మకు తోడబుట్టినవాడు ఒక్కడే, పులివెందుల నారాయణప్ప. ఆ అన్నాచెల్లెళ్లకు తొమ్మిదేండ్లుగా మాటల్లేవు. కారణం చెప్తే మీరు నమ్మరు గానీ, అప్పడం. నారాయణప్పగారి కూతురి పెండ్లిలో మా అత్తగారి విస్తట్లో విరిగిన అప్పడం పడింది. పక్కన కూర్చున్న వియ్యపురాలి విస్తట్లో నిండు చందమామలాంటిది పడింది. "ఆడబిడ్డకు ముక్క, వియ్యపురాలికి చక్క" అని మా అత్తగారు లేచి వచ్చేసింది. ఆయన ఆపలేదు. ఈమె వెనక్కి చూడలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. ఇక్కడ గొడ్డలి కూడా అక్కర్లేకపోయింది, అప్పడమే చాలింది.

అట్లాంటిది, ఆ మాఘమాసంలో పులివెందుల నుంచి కార్డు వచ్చింది. "సుబ్బీ, నాలుగు నెలలు మంచాన పడి లేచినా. ఇంగ పోతాననే అనుకొన్నారు అందరూ. నిన్ను చూడాలనుంది. బుధవారం వస్తాండా. నీ ఇంట్లోనే బోంచేస్తా." కార్డు అడుగున ఆయన కోడలు సన్న అక్షరాలతో వైద్యుడు చెప్పిన పథ్యం రాసి పంపింది.

మా అత్తగారు ఆ కార్డును పదకొండుసార్లు చదివించుకుంది. నేనే చదివాను గనక లెక్క తప్పదు. ఆమెకు వారం కిందటే బావి గట్టు మీద జారి కుడి మణికట్టు బెణికింది. గుడ్డకట్టుతో గరిటె పట్టలేదు. వంట నా మీద పడింది.

"చూడు పిల్లా," అంది, "తొమ్మిదేండ్లకు మా అన్న నా గడప తొక్కుతాండాడు. ఈ పూట ఆయన తృప్తిగా తిని లేస్తే నాకు పుట్టిల్లు మళ్లా వచ్చినట్టు. సగంలో లేసినాడంటే ఇంగ ఈ జన్మకు లేదు. కూరలు నేను చెప్తా. అరటికాయ ఒకటి, కాకరకాయ ఒకటి, రెండూ పథ్యానికి మంచివి. పక్కన నంజుకోవడానికి ఏమేం పెట్టాల్నో నువ్వే చూసుకో. ప్రొద్దుటూరోళ్లకు తిండి సంగతి చెప్పాల్నా."

ఆ చివరి మాటతో నేను ఒక జానెడు పొడుగు పెరిగాను.

పథ్యం చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. వద్దన్నవి: ఎర్రగడ్డ అంటే ఉల్లి, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి, మిరపకాయ, చింతపండు, ఇంగువ, వంకాయ, మునక్కాయ. మా కడప జిల్లాలో ఇవన్నీ తీసేస్తే ఇంక మిగిలేది పొయ్యి ఒక్కటే. అయినా నేను జంకలేదు. ఒక్కొక్కదానికీ ఒక కారణం పెట్టుకుని ఎంచాను.

కారానికి మిరియం ఉంది గనక మిరియాల చారు. జబ్బుపడి లేచిన మనిషికి అరగాలి గనక నిమ్మరసంతో అల్లం పచ్చడి. ఒంట్లో సత్తువ రావాలి గనక నువ్వుల పచ్చడి. నోరు చచ్చి ఉంటుంది గనక కరివేపాకు పొడి. కాకరకాయ చేదుకు విరుగుడుగా పెరుగులో వేసిన చేమగడ్డ. ఇంటికొచ్చిన బంధువుకు నూనెలో వేగిన వస్తువు లేకపోతే మర్యాద కాదు గనక మినప వడలు. తీపికి పరమాన్నం. ఏడు. ఇక అప్పడం సంగతి. ఆ ఇంట్లో ఆ రోజు అప్పడం పేరెత్తేంత తెలివితక్కువదాన్ని కాదు. డబ్బాను అటక మీదికి ఎక్కించి, పైన గోనె కప్పాను.

నా అంతట నేనే ఏదీ చెయ్యలేదు. ప్రతిదానికీ వసారాలోకి వెళ్లి అడిగాను. మా అత్తగారేమో వీధి వైపు మెడ సాచి బస్సు కోసం చూస్తూంది.

"అత్తా, అల్లం పచ్చడి చేస్తా."

"ఊ, మంచిదే."

"అత్తా, నువ్వుల పచ్చడి కూడా చేస్తాండా."

"చెయ్యి. మా అన్నకు నువ్వులంటే ప్రాణం."

"అత్తా, వడలు?"

"అడగాల్నా? చెయ్యి పో. ఆ వస్తాండేది ముద్దనూరు బస్సేనా చూడు."

ఏడుసార్లు వెళ్లాను, ఏడు ఊలు తెచ్చుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను, లేకపోతే మీరు నన్ను మరీ మొద్దు అనుకుంటారు. మా నాన్న వాళ్ల అన్నదమ్ముల్లో చిన్నవాడు. పెద్దల పనులన్నీ వేరే ఊళ్లో మా పెదనాన్న ఇంట్లో జరిగేవి. పిల్లలం మేము పోయేవాళ్లం కాదు. ఇక అత్తగారింట్లో మా మామగారికి పెట్టేది శ్రావణంలో. నేను కాపురానికి వచ్చింది ఆశ్వయుజంలో. నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు. లెక్కలోకి రావలసిన విషయమే నాకు తెలియదు.

బస్సు ముద్దనూరు రైలు గేటు దగ్గర నిలిచిపోయింది. పదకొండు గంటలకు రావలసిన మనిషి ఒకటిన్నరకు వచ్చాడు. నారాయణప్పగారు ఎండు చెరుకుగడలాగా ఉన్నాడు. ఒంటరిగా పంపలేక ఇంటివాళ్లు పక్కింటి సూరప్పను తోడు పంపారు. సూరప్పది గుండ్రటి పొట్ట, నెమ్మదైన చూపు. ఆయన వృత్తి ఏమిటో అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

అన్నాచెల్లెళ్లు గడప దగ్గర నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు.

"చిక్కిపోయినావన్నా."

"నువ్వు అట్లనే ఉండావు. చేతికి ఏందది?"

"బెణికింది లే. రా లోపలికి."

తొమ్మిదేండ్ల తగువు మూడు మాటల్లో తీరింది. నాకు సంతోషంతో చారు పొంగింది కూడా కనపడలేదు.

అప్పటికే ఆలస్యమైంది గనక ఇంట్లోవాళ్లం తర్వాత తిందామని, వచ్చిన ఇద్దరికి మాత్రమే రెండు విస్తర్లు వేశాను. మా ఆయన బడిలో అయ్యవారు. మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చాడు, మేనమామకు తానే వడ్డించాలని మళ్లీ స్నానం చేశాడు. మంచి పంచె కట్టుకుందామంటే దాన్ని నేను మర్యాద కోసం పొద్దున్నే ఉతికి ఆరేసి ఉంచాను. అది ఆరలేదు. స్నానం చేసిన తడి పంచెతోనే, పైన గుడ్డ లేకుండా, చెంబుతో నీళ్లు తీసుకొచ్చి ఇద్దరి చేతుల్లో పోశాడు.

నేను వెనుక నుంచి గిన్నెలు అందించాను. ఆయన వడ్డించాడు. అరటికాయ, కాకరకాయ, అల్లం, నువ్వులు, పొడి, చేమగడ్డ, వడలు, పరమాన్నం, పెసరపప్పు మీద నెయ్యి. రంగు రంగుగా విస్తరి నిండింది. నేను తలుపు చాటు నుంచి నా తొంభై ఆరు మార్కులను తొంభై తొమ్మిది చేసుకుంటున్నాను.

నారాయణప్పగారు చెయ్యి చాపాడు. చెయ్యి అన్నం దాకా వచ్చి ఆగింది. ఆయన చూపుడువేలు ఒక్కొక్క వస్తువు మీద నిలిచి ముందుకు జరిగింది. చివరి వడ దగ్గర తల ఎత్తి మా ఆయన తడి పంచె వైపు చూశాడు. పక్కన రెండో విస్తరి ముందున్న సూరప్ప వైపు చూశాడు. ఇంక కాకి ఒక్కటే తక్కువ. పెరటి గోడ మీద అదీ వచ్చి కూర్చుంది.

"సుబ్బీ," అన్నాడు.

వసారాలో నుంచి మా అత్తగారు, "ఏందన్నా, ఏమన్నా కావాల్నా?" అంది.

"ఏం లేదు. ఒక మాట అడగాల. నేను పొయ్యి ఎన్నాళ్లాయ?"

మా అత్తగారు లోపలికి వచ్చింది. అప్పటిదాకా ఒక్కొక్కటిగా చెవిన పడినవన్నీ మొదటిసారి ఒక్క విస్తట్లో చూసింది. గోడకు ఆనుకుంది. నాకు ఇంకా అర్థం కాలేదు చూడండి. పరమాన్నంలో వెంట్రుక వచ్చిందేమో అనుకున్నాను.

"ఏం చేసినావే పిల్లా," అంది నా వైపు తిరిగి. "మిరపకాయ లేదు, ఎర్రగడ్డ లేదు, మీద నువ్వులూ వడలూ, రెండు ఆకులూ. ఇది తద్దినం వంట గదే."

తద్దినం కొని తెచ్చుకున్నారనే మాట విన్నాం గానీ, వండి వడ్డించినదాన్ని నేనే. అదీ బతికున్న మనిషికి. అదీ చావు దాకా పోయి వచ్చిన మనిషికి.

"నువ్వు ఊ అన్నవే చేసినా గదా అత్తా," అన్నాను.

"ఒక్కోదానికి ఊ అన్నా. అన్నీ కలిపితే ఊ అన్నానా?"

నేను చేతిలోని గిన్నెను నేల మీద పెట్టాను.

నారాయణప్పగారు పక్కన పెట్టిన కండువా తీసుకున్నాడు. "పెండ్లిలో అప్పడం ఇరిగిందని నువ్వు లేసిపోతివి. సరే, ఆడపడుచు కోపం అనుకొన్యా. నేను మంచాన పడితే చూడను రాకపోతివి. అదీ సరే. ఇప్పుడు నేనే వస్తే, కూసోబెట్టి, మేనల్లుని చేత నువ్వుల పచ్చడి పెట్టిస్తివే. నన్ను ఎప్పుడో లెక్కలోంచి తీసేసినావన్న మాట."

"మామా, నువ్వు తప్పుగా అనుకొంటాండావు," అన్నాడు మా ఆయన.

"నువ్వు మాట్లాడాకురా. తడి పంచెతో ఉండావు, నాకు భయమైతాంది."

ఆయన ఎడమచెయ్యి నేలకు ఆనించాడు, లేవడానికి. మా అత్తగారి పుట్టిల్లు ఆ అరచెయ్యి మీద ఆగి ఉంది. ఆ గదిలో చప్పుడు చేస్తున్నది ఒక్కటే: సూరప్ప నోట్లో మూడో వడ కరకరలాడుతోంది.

"నువ్వు ఎట్ల తింటాండావురా?" అన్నాడు నారాయణప్పగారు.

"వంట శానా శుద్ధంగా ఉందప్పా," అన్నాడు సూరప్ప. "మొన్న ముద్దనూరులో ఒగ తద్దినానికి పోయింటి. ఆడ కూడా నువ్వుల పచ్చడి ఇంత బాగా కుదర్లేదు."

అప్పుడు తెలిసింది ఆయన వృత్తి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి తద్దినమైనా భోక్తగా కూర్చునేది ఆయనే.

మా అత్తగారు గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయింది. కొడుకు కోసం దాచిన ఎర్రగడ్డల బుట్ట నుంచి ఒకటి తీసి రోటి మీద పెట్టి, మంచిగా ఉన్న ఎడమచేతి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. చిట్లిన గడ్డను తెచ్చి అన్న విస్తట్లో నట్టనడుమ, పప్పు మీద పడేసింది.

"సూరప్పన్నా, నువ్వే చెప్పు. పచ్చి ఎర్రగడ్డ పడిన ఆకు తద్దినపాకు అయితాదా?"

సూరప్ప నమలడం ఆపి న్యాయమూర్తిలాగా ఆలోచించాడు. "కానే కాదు. తద్దినంలో ఎర్రగడ్డ పడితే భోక్త లేసిపోవాల్సిందే."

"నువ్వు లేస్తాండావా మరి?"

"నేనెందుకు లేస్తా? నేను చుట్టంగా వచ్చినా." అని నాలుగో వడ తీసుకున్నాడు.

"ఇన్నావా అన్నా. ఇది బతికిండే మనిషి ఆకు. ఎర్రగడ్డ వడ్డించింది పిల్ల గాదు, నేను. ఇంగ లేస్తావో తింటావో నీ ఇష్టం."

నారాయణప్పగారు ఎర్రగడ్డ వైపు చూశాడు. నాలుగు నెలలుగా ఆయన దాని మొహం చూడలేదు. అట్లాంటి చూపు మా ఆయన నన్ను నూటపదిహేడు రోజుల్లో ఒక్కసారీ చూడలేదు.

"వైద్యుడు వద్దన్నాడే సుబ్బీ."

"వైద్యుడు నువ్వు ఉండాలని వద్దన్నాడు. ఉండావని తెలియాలంటే తినాల."

ఆయన కండువా కింద పెట్టాడు. ఒక పొర విరిచి, పప్పన్నంలో నంజుకున్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు. మేము ముగ్గురం ఆ దవడను చూస్తున్నాం.

"ఇంగో గడ్డ ఉందా?" అన్నాడు.

రెండు ఎర్రగడ్డలు, ఐదు వడలు, నువ్వుల పచ్చడి మూడుసార్లు, పరమాన్నం రెండుసార్లు. కాకరకాయ మాత్రం ముట్టలేదు. మా అత్తగారు విసనకర్ర తీసుకుని అన్న పక్కనే కూర్చుంది. అన్నాచెల్లెళ్లు చిన్నప్పటి మాటల్లో పడ్డారు. నేను తలుపుకు చేరగిలబడ్డాను. గండం గడిచిందనుకున్నాను.

సూరప్ప చెయ్యి కడుక్కుని వచ్చాడు. కడుపు నిండింది, నేతి వాసన వస్తున్న వేళ్లు, ఎదురుగా తడి పంచెతో ఇంటి యజమాని. ముప్పై ఏండ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? రెండు చేతులూ ఎత్తి నిండు గొంతుతో దీవించాడు.

"పితృదేవతలు శానా తృప్తి పడినారు తల్లీ."

విసనకర్ర ఆగింది. మా ఆయన చేతిలో చెంబు జారి రాయి మీద దొర్లింది. నేను దేవుడి గూటి వైపు తిరిగి, ఏ దేవుణ్ణి పిలవాలో తోచక ఊరికే నిలబడ్డాను.

నారాయణప్పగారు వేలికి అంటిన నెయ్యి నాకి, తలెత్తకుండానే అన్నాడు:

"పడినాం లేరా. వక్కాకు తెమ్మను."

ఆయన ఆ తర్వాత పదకొండేండ్ల రెండు నెలలు బతికాడు. ఏటా ఒకసారి జమ్మలమడుగు వచ్చేవాడు. వచ్చే ముందు కార్డు రాసేవాడు, "నా తద్దినానికి వస్తాండా, వడలు చేయించు" అని. ఆ కార్డు పోస్టుమాను చదివి, వీధంతా చెప్పి, నన్ను చూసి నవ్వు దాచుకోవడానికి తల వంచుకుని పోయేవాడు.

ఇంక నా ప్రతిజ్ఞ. ఆనాటి నుంచి ఎవరికి వడ్డించినా, ముందు ఒక విస్తరాకు వేసి, అన్నీ ఒకచోట పెట్టి, దూరంగా నిలబడి చూసి, అప్పుడే మనిషిని పిలుస్తాను. బతికున్నవాళ్లకు, వాళ్లు బతికున్నంతకాలం, తద్దినం పెట్టనని ముక్కోటి దేవతల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. వాళ్లే కార్డు రాసి అడిగితే మాత్రం నాది బాధ్యత కాదు.