అన్న తెచ్చిన ద్రాక్షకల్లు

మా అన్న బహ్రెయిన్‌లో ఒక పెద్ద హోటల్లో వంటపని చేసేవాడు. గిన్నెలు కడగడానికి పోయి, కొన్నేళ్ళకు మాంసం కాల్చే పొయ్యి దగ్గరికి చేరాడు. ఆ ఎండాకాలం సెలవు మీద వచ్చినప్పుడు అవ్వకు, నాకు చీరలు, సెంటు సీసాలు తెచ్చాడు. బాపు కోసం లుంగీలో చుట్టి ఒక ఎర్ర వైన్ సీసా తెచ్చాడు. మాది కథలాపూర్ దగ్గర పల్లె; అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. నేను కోరుట్లలో ఇంటర్ చదువుతున్నాను.

సీసా చూడగానే అవ్వ తలుపు దగ్గరికేసింది.

"అన్నలు సారా బందు వెట్టిండ్రు. గిది ఇంట్ల ఉన్నదని ఎవలన్న చెప్తే ఎట్లరా?"

అడవిలో ఉన్నవాళ్ళను మా దిక్కు అన్నలనే అనేవాళ్ళం. వాళ్ళంటే భయం. వాళ్ళను వెతుక్కుంటూ వచ్చే పోలీసులంటే ఇంకా భయం.

"గిది సారా కాదవ్వా, ద్రాక్షపండ్ల రసం పులియవెట్టింది," అన్నాడు అన్న. "మూడు తీర్ల పండ్లు. ఒకటి రంగుకు, ఒకటి వగరుకు, ఒకటి వాసనకు. మూడు కలిపితేనే గింత ఘాటు."

బాపుకు వెంటనే అర్థమైంది. "తాటికల్లు, ఈతకల్లు ఒక్క లొట్టిల కలిపినట్టన్నట్టు. అయితే గిది ద్రాక్షకల్లు."

"అచ్చం గట్లనే బాపూ. కానీ దీనికి తోడు తిండి కుదరాలె. చాపలు వద్దు. చాప తిని గిది తాగితే ఇనుము నాకినట్టయితది. దీనికి కాల్చిన మాంసమే."

ఆదివారం పొద్దున కోరుట్ల నుంచి మేక తొడ, కార్జం తెచ్చాడు. మిరియాలు, ఎల్లిపాయ, ఉప్పు పట్టించి వాకిట్లో బొగ్గులు రాజేశాడు. పక్కన నాలుగు వంకాయలు వేశాడు. అవ్వ కారం డబ్బా తెస్తే వద్దన్నాడు.

"కారం వడితే మంట తప్ప ఇంకేం తెల్వదవ్వా."

"కారం లేని కూర జెరమొచ్చినోళ్ళకు పెడుతరు గదరా," అని అవ్వ నవ్వింది.

అన్న నన్ను దగ్గరికి పిలిచాడు. "చెల్లె, వాసన సూడు. కొవ్వు బొగ్గుల మీద వడ్డప్పుడు గీ వాసన అస్తది. అప్పుడే తిప్పాలె. నేను కండ్లతోని వండ, ముక్కుతోని వండుత."

మాంసం ఇంకా కాలకముందే పోలీసుల జీపు వచ్చింది. ముందురోజు పక్క ఊరి దగ్గర ఏదో పేలిందట. కొత్తగా కనబడ్డ వయసు మగవాళ్ళందరినీ పట్టుకుపోతున్నారు.

"గిన్నేండ్లు ఏడున్నవురా? ఏ దళంల?" అని అడిగారు. అన్న పాస్‌పోర్టు చూపించాడు. దాన్ని జేబులో పెట్టుకొని అతన్ని జీపెక్కించారు. బాపు ఊరి చివరిదాకా వెంట పరుగెత్తాడు. అవ్వ వాకిట్లోనే కూలబడింది.

మా ఊరి దొర కొడుకు జగిత్యాలలో వ్యాపారం చేసుకుంటున్నాడు. బాపు పోయి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన వచ్చి మాట్లాడిన తర్వాత అన్నను వదిలారు, పాస్‌పోర్టు ఇచ్చేశారు. తల వెనక కుట్లు పడ్డాయి. తుపాకీ మడమతో కొట్టారని మాత్రం చెప్పాడు. మిగిలింది మేం అడగలేదు.

గాయం మానుతున్న రోజుల్లో ఒకసారి అవ్వ పప్పుకు ఎల్లిపాయ పోపు పెడుతోంది. పక్కనే పీట మీద కూర్చున్న అన్న, "ఏం వండుతున్నవవ్వా?" అని అడిగాడు. అవ్వ హాస్యమనుకుంది. అన్న ఇంకోసారి గట్టిగా గాలి పీల్చి చూశాడు. లేచి లోపలికి పోయి సెంటు సీసా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కిరసనాయిలు డబ్బా మూత తీశాడు. ఆఖరికి వైన్ సీసా బిరడా పీకి రెండు గ్లాసుల్లో పోశాడు.

"ఎట్లున్నది బాపూ? చెప్పు."

బాపు ఒక గుటక వేశాడు. "వగరున్నది. నేరేడుపండు లెక్క. ఎనుక జెర పొగ వాసన."

అన్న తాగాడు. మళ్ళీ తాగాడు. "నాకు పుల్లనీళ్ళ లెక్కనే ఉన్నది," అన్నాడు. బాపు తన గ్లాసు కింద పెట్టేశాడు. ఇక ముట్టలేదు.

తల లోపల వాసన నరం దెబ్బతిన్నదని, తిరిగి రావచ్చు, రాకపోవచ్చునని జగిత్యాల డాక్టరు చెప్పాడు. రాలేదు. సెలవు అయిపోయినా అన్న కదల్లేదు. పొమ్మని నేను అంటే, "వాసన తెల్వనోన్ని గా పొయ్యికాడ నిలవెడుతరా చెల్లె? మల్ల గిన్నెలు కడగాల్నా?" అన్నాడు.

సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే పనికి కుదిరాడు. అక్కడే పెళ్ళయింది. వదిన ఏం వండిపెట్టినా, ఆమె అడగకముందే "మంచిగున్నది" అనేవాడు.

ఒకసారి వాళ్ళింటికి పోయాను. అన్నం మాడుతున్న వాసన గల్లీలోనే తగిలింది. వదిన నీళ్ళకు పోయినట్టుంది. లోపల స్టవ్‌కు వీపు పెట్టి అన్న పేపరు చదువుకుంటున్నాడు. అతని వెనక గిన్నె మీద సన్నగా పొగ లేస్తోంది. నేను పరుగున పోయి గిన్నె దించాను.

"మాడిందా?" అన్నాడు.

"అవునే అన్నా."

పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మీ వదినకు చెప్పకు. మల్ల ఏడుస్తది."

మాడిన అన్నం బయట పారబోసి, వేరే ఎసరు పెట్టాను. వదిన బిందెతో వచ్చేసరికి వాసన ఇంకా పోలేదు. ఆమె గడపలో ఒక్క క్షణం ఆగి, ఏమీ అడగకుండా లోపలికి వచ్చింది.