నైరుతి మూల మొదటి రేకు

2018 జూన్ మొదటి శుక్రవారం, పొద్దున తొమ్మిదింబావు. జమ్మికుంట పక్కన ఒక చిన్న ఊళ్లో, నేత పని చేసే రాజేశం ఇంటి కప్పు మార్చే పని. పెంకలు ముందురోజే దించాం. ఇనుప పైపులు ఖాజా వెల్డింగ్ చేశాడు. ఇక రేకులు పరచాలి.

కింద రాజేశం సాంచె, అంటే పవర్‌లూమ్. నేలకు బోల్టులు బిగించి ఉంది, కదలదు. దాని మీద సగం నేసిన బట్ట. తార్పాలిన్ కప్పాం గానీ అది పాతది, చిరుగులు. నీటి మచ్చ పడితే నూలిచ్చి నేయించుకునే సేటు బట్ట తీసుకోడు. రాజేశం నెల కష్టం పోతుంది. ఆకాశంలో మబ్బు ఉంది.

రాజేశం తల్లి లచ్చవ్వ నిచ్చెన కాడికి వచ్చింది.

“మల్లయ్యా, మొదటి రేకు నైరుతి మూలకెయ్యి. బరువు ముందుగాల గాడ్నే పడాలె.”

“అవ్వా, వానగాలి గట్నుంచే వస్తది. గాడ్నుంచి మొదలువెడితే సందులన్ని గాలికి నోరు తెరుస్తయి.”

“నా మొగడు పెంకలెక్కిచ్చినప్పుడు గూడ గాడ్నే మొదలువెట్టిండు. గాలికి నువ్వు జెప్పుకో పో.”

రేకు అంచు మీద రేకు అంచు ఎక్కించడాన్ని ల్యాప్ అంటాం. గాలి పడమటి నుంచి వస్తే తూర్పు నుంచి పరచుకుంటూ రావాలి. అప్పుడు ల్యాప్ నోరు గాలికి అటువైపు ఉంటుంది. తిరగేస్తే నీళ్లు లోపలికి ఎగదంతాయి.

ముసలామెతో వాదం ఎందుకని మధ్యే మార్గం పట్టాను. నైరుతిలో ఒక రేకు పెట్టి, బయటి అంచుకు మాత్రం స్క్రూలు వేశాను. ఆమె పసుపు రాసి టెంకాయ కొట్టింది. తర్వాత తూర్పు నుంచి మొదలుపెట్టాం. చివరి రేకు అంచును ఆ మొదటి రేకు కిందికి దూర్చేస్తే సరిపోతుందని నా లెక్క.

మధ్యాహ్నం రెండింటికి చివరి రేకు దగ్గరికి వచ్చాం. దూరింది గానీ గాడి మీద గాడి కూర్చోలేదు. రెండు వేళ్ల తేడా. తప్పు నాదే. అప్పటికి నాకు రాత రాదు, దారానికి ముడులేసి కొలిచేవాణ్ణి. స్క్రూ బిగించినప్పుడు ప్రతి రేకూ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సాగుతుంది. పదకొండు రేకులకు అది రెండు వేళ్లయింది. నడుమ ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు.

“కొట్టి కూసవెడదాం, మల్లన్నా. పైనుంచి సిలికాన్ జర దట్టంగ రాస్తే ఎవ్వలికెరుక?” అన్నాడు ఖాజా.

సిలికాన్ సందులు పూడ్చే జిగురు. రెండు ఎండలకు లేచిపోతుంది. ఆ సందుకు సరిగ్గా కింద సాంచె. నేను నిచ్చెన దిగాను.

“అవ్వా, కొలత తప్పిన. నీ మొదటి రేకు లేపాలె.”

నిచ్చెన పట్టుకున్న రాజేశం, తల్లి వైపు చూశాడు.

“టెంకాయ కొట్టినంక లేపుతవా? నీ సోయి ఏడవోయింది?”

“లేపకుంటే సాంచె మీద కారుతది. ఇయ్యాల గాకుంటే ఎల్లుండి.”

ఆమె లోపలికి వెళ్లి తార్పాలిన్ అంచు ఎత్తి బట్టను చూసింది. తర్వాత పీట తెచ్చుకుని నైరుతి మూలలో వేసుకుని కూర్చుంది.

“లేపుండ్రి. మల్ల బిగిచ్చేదాంక బరువు నేనే. జెల్ది గానియ్యుండ్రి, నడుము వట్టుకపోతది.”

“అవ్వా, గట్టిగ కూసో! ఇల్లు లేస్తున్నది!” ఖాజా పైనుంచి అరిచాడు.

“నీ నోట్ల మన్నువడ! స్క్రూ బిగియ్యి ముందు.”

రేకు విప్పి, పక్క రేకు గాడి మీద కూర్చోబెట్టి బిగించాం. అరగంట పట్టింది. ఆమె కదల్లేదు. నాలుగు దాటాక వాన పడింది. తార్పాలిన్ తీసి నలుగురం సాంచె చుట్టూ నిలబడి పైకి చూశాం. చుక్క రాలలేదు.

తర్వాతి ఏడాది రాత నేర్చుకున్నాను. ఇప్పుడు మూడు రేకులకొకసారి రెండు కొసలా కొలిచి రాసుకుంటాను. నైరుతి రేకు కావాలన్న ఇంట్లో దాన్ని తాడుతో కట్టి, మళ్లీ లేపుతానని టెంకాయ కొట్టకముందే చెబుతాను. తప్పు చేస్తే సిలికాన్ డబ్బా ముట్టక ముందే కిందికి దిగుతాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: రేకుల మీద నేను మల్లయ్య, వెల్డర్ ఖాజా. నిచ్చెన పట్టుకుని రాజేశం. నైరుతి మూలలో పీట మీద లచ్చవ్వ.