గోలి వేసిన మరునాడు

మొన్న కోరుట్లలో మా అమ్మాయి అంగన్‌వాడీ నుంచి రాగానే దాని నోట్లోంచి తియ్యటి పండు వాసన వచ్చింది. నులిపురుగులు పోయే మందు గోలి వాసన. "నమిలినవా, ఉమ్మేసినవా?" అని నోరు తెరిపించి చూశాను. ఈ అనుమానపు బుద్ధి నాకు సత్తెమ్మ టీచర్ అంటించింది.

ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊరి అంగన్‌వాడీ ఆమెది. ఎవరినీ నమ్మేది కాదు. పిల్లల గుడ్డు ఇంటికి పంపితే పెద్దల కూరలో పడుతుందని ఆమె అనుమానం. అందుకే ఎదురుగా కూర్చోబెట్టి తినిపించేది. పంపడం లేదంటే తనే మింగుతోందని ఊరి అనుమానం. అప్పుడు పదో తరగతిలో ఉన్న నాదీ ఊరి పక్షమే.

మా చెల్లె మమతకు నాలుగేళ్లు. చేతులు పుల్లలు, పొట్ట కుండ. గోడసున్నం గీకి తినేది. నాన్న దుబాయి నుంచి పంపిన బిస్కెట్లే తప్ప అన్నం ముట్టేది కాదు. దిష్టి తగిలిందని అమ్మ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది. ఒకరోజు టీచర్ దానితో గోలి నమిలించింది. మరునాడు పొద్దున దొడ్డికి కూర్చుంటే వానపాముల్లాంటి తెల్లటి పురుగులు పడ్డాయి. నిన్నటిదాకా లేనివి ఇవాళ ఎక్కడివి? గోలితోనే పుట్టాయని అమ్మ తేల్చేసింది. మమతను చంకనేసుకుని అంగన్‌వాడీకి నడిచింది. వెనక నేను.

"టీచరమ్మా, నా బిడ్డకు ఏం గోలి ఇచ్చినవ్? కడుపుల పురుగులు పుట్టినయ్. దీనికేమన్న అయితే మా ఇంటాయనకు ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?"

"గోలితోని పుట్టలే చెల్లె. ఉన్నయే సచ్చి బయటపడ్డయ్. పిల్ల తిన్నదాంట్ల సగం గవే తిన్నయ్."

"నువ్వు గట్లనే అంటవ్."

టీచర్‌కు కోపం రాలేదు. "నన్ను నమ్మకు. పిల్లను ఈడికి తోలకున్నా సరే, నేనే గుడ్డు తెచ్చి నీ ముంగటనే తినిపిస్త. రోజూ దాని పళ్లెం చూడు, పొట్ట చూడు. ఏం ఫరక్ రాకుంటే ఊరంత పిలిచి నన్ను అడుగు."

అన్నట్టే రోజూ వచ్చింది. అమ్మ కుర్చీ కూడా వెయ్యలేదు. గుడ్డు ఒలుస్తున్న ఆ చేతులను కళ్లలో వత్తులేసుకుని చూసేది. టీచర్ గడపలోనే కూర్చుని మమత గోళ్లు తీసేది, వట్టి కాళ్లతో బయటికి పంపొద్దని పోరేది.

ఒక మధ్యాహ్నం మమత పళ్లెం ముందుకు జరిపి, "అమ్మా, ఇంకింత బువ్వ ఎయ్యే" అంది. మా ఇంట్లో ఆ పిల్ల నోట ఆ మాట ఎన్నడూ వినలేదు. అమ్మ గంటె పట్టుకునే ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం అమ్మ టీచర్‌కు కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. తాగి వెళ్తూ టీచర్ నన్ను వాకిట్లోకి పిలిచింది. "మీ అమ్మ ఇయ్యాల నమ్మింది. ఇగ చూసుడు బంద్ చేస్తది. నువ్వు బంద్ చెయ్యకు బిడ్డా."

చెయ్యలేదు. ఇప్పటికీ ఏ తల్లయినా "మా పిల్ల మంచిగనే తింటది" అంటే తలూపి, పిల్ల వైపే చూస్తాను. వాళ్లకు కోపం వస్తుంది. రానీ.