గేటు దాటాక వచ్చే సిగ్నల్

2011లో నేను రాయ్‌పూర్‌లో చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్‌గా ఉండేవాణ్ణి. పేరు ఘనంగా ఉన్నా పని సూటిగానే చెప్పొచ్చు. లోకో పైలట్ల పక్కన ఇంజన్లో కూర్చుని వాళ్లు బండి ఎలా నడుపుతున్నారో చూడాలి, తప్పులు దిద్దాలి, ఎవరు నడపడానికి తగినవాళ్లో సంతకం పెట్టి చెప్పాలి. నేనూ ఏళ్ల తరబడి బండ్లు నడిపినవాణ్ణే కనుక నాకు నోరు కాస్త ఎక్కువ.

ఆ వానాకాలంలో అప్పలరాజు అనే గూడ్స్ పైలట్ సెలవు ముగించుకుని వచ్చాడు. మా విజయనగరం వైపువాడే. కొన్ని నెలల కిందట, రాయ్‌పూర్ బయట మూసిన లెవెల్ క్రాసింగ్ గేటు కిందనుంచి సైకిల్‌తో దూరిన ఒక పెద్దాయన అతని బండి కింద పడి చనిపోయాడు. అప్పలరాజు హారన్ కొట్టాడు, ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. నిండు గూడ్సు వేసినచోట ఆగదు కదా. విచారణలో అతని తప్పేమీ లేదని తేలింది. అయినా అప్పట్నుంచీ సెలవులోనే ఉన్నాడు.

చాలాకాలం ఒక మార్గంలో నడపనివాళ్లకు మళ్లీ రోడ్ లెర్నింగ్ చేయించాలని నిబంధన. ఆ దారిలోని సిగ్నళ్లు, ఎత్తుపల్లాలు, మలుపులు కొత్తగా ఒంటపట్టించుకోవాలి. చివర ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని పరీక్షిస్తాడు. నెగ్గకపోతే ఇంజన్ వదిలేసి, సిబ్బంది డ్యూటీకి హాజరయ్యే లాబీలో కుర్చీ పని చూసుకోవాలి.

"నాకు కుర్సీ వద్దు సార్, ఇంజినే కావాల. మా ఇంటిది కూడా లాబీయే అచ్ఛా అంతంది. బండి నడపకపోతే నానేటైపోతాను?" అన్నాడు అప్పలరాజు. మాటలో బతిమాలడం లేదు, పంతం ఉంది. అది నాకు నచ్చింది.

లాబీలో నోటి పరీక్ష పెడితే ఒక్క సిగ్నల్ తప్పకుండా అప్పజెప్పాడు. ఇక ఇంజన్ ఎక్కాం. సిగ్నల్ కనబడగానే పైలట్, అసిస్టెంటు ఇద్దరూ చెయ్యి చూపించి దాని రంగు పైకి చెప్పాలి. ఒకరు చెబితే రెండోవారు బదులు పలకాలి. ఆ గేటు వచ్చేదాకా అప్పలరాజు గొంతు ఖంగుమంటూనే ఉంది. గేటు దగ్గర హారన్ మీద పడిన చెయ్యి, గేటు దాటాక కూడా అక్కడే ఉండిపోయింది. ఎదురుగా డిస్టెంట్ సిగ్నల్, డబుల్ ఎల్లో. ముందు ఆగాల్సి రావచ్చు, వేగం తగ్గించమని హెచ్చరిక. అసిస్టెంటు చెప్పాడు. అప్పలరాజు పలకలేదు. నేను గట్టిగా అరిచాకే బ్రేకు వేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మొహం చూస్తే జాలీ వేసింది. ఆ రెంటిలో ఏది పట్టుకుని నిర్ణయం చేసినా అది తప్పుడు నిర్ణయమే. పైగా మావైపువాడన్న మమకారం ఒకటి. అందుకని సాటి ఇన్‌స్పెక్టరు సాహూను సలహా అడిగాను. "దిల్ కో పత్థర్ కర్‌నా పడేగా, లేకపోతే లాబీకి పంపెయ్," అన్నాడాయన. గుండె రాయి చేసుకోవడం చెప్పినంత తేలికైతే అప్పలరాజు ఎప్పుడో చేసుకునేవాడు.

మర్నాడు అతన్నే అడిగాను, అక్కడ ఏమవుతోందని. "నోరు ఎండిపోతంది సార్. గేటు ఎనక్కెళ్లిపోయినా నా కళ్లు అక్కడే ఉంటన్నాయి," అన్నాడు. పాఠం మరిచిపోలేదన్నమాట. కళ్లు వెనక ఉండిపోతే పాఠం ఎంత వస్తే ఏం లాభం?

"భయాన్ని దాచకు. సిగ్నల్‌కి చెప్పినట్టే గేటుకీ పైకి చెప్పు. దాటాక దాటామని చెప్పి, అప్పుడు ముందుకు చూడు," అన్నాను. ఇది ఏ నిబంధనలోనూ లేదు, కానీ కూడదని కూడా లేదు. ఎవరూ పక్షపాతం అనుకోకుండా, ఈసారి సాహూను కూడా ఇంజన్ ఎక్కమన్నాను.

ఆ ట్రిప్పులో మూసిన గేటు పక్కనే, పట్టాలకు దగ్గరగా ఒక ముసలామె నిలబడి ఉంది. అప్పలరాజు హారన్ కొడుతూనే, "గేటు మూసుంది. మనిషుంది. కదల్లేదు," అన్నాడు. ఇంజన్ ఆమెను దాటగానే, "గేటు దాటేసినాం," అన్నాడు. చెయ్యి హారన్ వదిలి పైకి లేచింది. అసిస్టెంటు కంటే ముందే "డిస్టెంట్, డబుల్ ఎల్లో!" అని అరిచి బ్రేకు వేశాడు. సాహూ జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు.

అప్పలరాజు ఆ దారిలో మళ్లీ బండ్లు నడిపాడు. ఆ తర్వాత నేను పరీక్షించిన ప్రతి పైలట్‌నూ, ఈ దారిలో నీ నోరు ఎక్కడ ఎండుతుందని అడిగేవాణ్ణి. ఎక్కడా ఎండదన్నవాణ్ణి ఇంకో ట్రిప్పు తిప్పాను. చోటు చెప్పగలిగినవాడి పక్కన కూర్చుని, అక్కడ అతని గొంతు పలుకుతోందో లేదో విన్నాకే సంతకం పెట్టాను.