చెన్నకేశవులు గారి ఆటల అంచనా

చెన్నకేశవులు గారు మా ఆఫీసుకు వచ్చిన మొదటి రోజు, ఎవరో కుర్రాడి తండ్రి అనుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో రెగ్జిన్ సంచి. కొడుకు ఉద్యోగం గురించి కనుక్కోవడానికి వచ్చి ఉంటారని కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చాను. ఆయన నిదానంగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "నా సీటెక్కడమ్మా?" అన్నారు.

అది 1999. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం తెరిచి ఇంకా ఏడాది కాలేదు. అందులో చోటు తీసుకునే తాహతు లేని మాలాంటి చిన్న కంపెనీలు దానికి కనుచూపు మేరలో ఏదో ఒక మేడ మీద దిగిపోయి, ఉత్తరాల మీద మాత్రం సైబరాబాద్ అని గొప్పగా అచ్చేయించుకునేవి. మా కంపెనీ చేసే పని జోస్యం. మా బాస్ అవినాష్ ముందు ఆ మాటంటే ఉద్యోగం ఊడుతుంది గానీ, నిజం అదే. పై దేశం కంపెనీ ఏదైనా మా సరుకు మీ ఊళ్ళో ఎంత పోతుందని అడిగితే, రాబోయే ఐదేళ్ళ లెక్కను రంగుల గ్రాఫులు గీసి చెప్పాలి. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ మూలపడతాయని ఊరు ఊరంతా జోస్యాలు చెబుతున్న రోజులు కాబట్టి మా దుకాణం బాగానే నడిచేది.

ఆ దసరా వెళ్ళాక సింగపూర్ నుంచి ఒక పని వచ్చింది. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ మిషన్లు మన ఇళ్ళలో అప్పటిదాకా క్యాసెట్లతో నడిచేవి. సీడీలతో నడిచే కొత్తవి బజార్లోకి దిగుతున్నాయి. మధ్యతరగతి వాళ్ళు వాటిని కొంటారా, ఆ బజారు పెరుగుతుందా తరుగుతుందా అన్నది అంచనా కట్టాలి. అవినాష్ ఆ పని చెన్నకేశవులు గారికి అప్పగించి, సాయానికి నన్ను ఇచ్చాడు. నా పేరు రసజ్ఞ. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆయన సరిగ్గా తలకిందులు.

ఆయనది రేపల్లె వైపు. గణాంక శాఖలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే నాటి దాకా పంటల అంచనాలే ఆయన బతుకు. ఏ ఊళ్ళో ఏ చేను కోయాలో ర్యాండమ్ నంబర్ల పుస్తకం చెబుతుంది. ఆ చేను మూల నుంచి అడుగులు వేసుకుంటూ వెళ్ళి, పుస్తకం చెప్పిన చోట మేకులు కొట్టి, చుట్టూ తాడు కట్టి, ఆ కాస్త మేరా పంట కోయించి, నూర్పించి, తూకం వేసి కాగితం పైకి పంపాలి. అలాంటి కాగితాలన్నీ కలిపి పైవాళ్ళు జిల్లా పంట తేలుస్తారు. రిటైరై మియాపూర్ ఫ్లాట్‌లో స్థిరపడ్డాక, "ఈయన ఇంట్లో ఉంటే కందిపప్పు డబ్బాకి కూడా అంచనా వేస్తున్నారు, ఎక్కడైనా చేర్చుకోండి బాబూ" అని ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు తెలిసినవాళ్ళందరికీ మొరపెట్టుకున్నారట. అలా మా దగ్గర తేలారు.

ఆటల మిషన్‌ని ఆయన జన్మలో ముట్టుకోలేదు. "మరెలా సార్?" అన్నాను.

"నేను వ్యవసాయమూ చేయలేదమ్మా" అన్నారు.

సంచిలోంచి ఆ నంబర్ల పాత పుస్తకం తీశారు. కళ్ళు మూసుకుని పేజీ మీద వేలు పెట్టి బోరబండలో ఒక వీధి, మియాపూర్‌లో ఒకటి, హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక కాలనీలో ఒకటి తేల్చారు. వీధిలో ఏ ఇంటితో మొదలుపెట్టాలో కూడా పుస్తకమే చెప్పింది. అక్కడి నుంచి వరసగా వెళ్ళాలి, మధ్యలో ఒక్క ఇల్లు వదలకూడదు. చేను ఎండిపోతే ఎండిపోయినట్టే రాయాలి గానీ, పక్క చేను బాగుంది కదా అని అందులోకి దూకకూడదట. నా కైనెటిక్ మీద వెనక కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, గోతి గోతికీ "నెమ్మది, నెమ్మది" అనేవారు. ఆ రోడ్ల మీద గోతులకేం తక్కువ లేదు కాబట్టి దారి పొడుగునా ఆ జపమే.

ఇంకో నియమం ఉంది. "అడగొద్దు, చూడు" అనేవారు. రైతును అడిగితే సర్కారు లెవీ కింద ధాన్యం పట్టుకుపోతుందని భయపడి పంట తగ్గించి చెబుతాడు. చేను అబద్ధమాడదు. అంచేత ఎవరింటికి వెళ్ళినా నన్ను నోరు మెదపనిచ్చేవారు కాదు. నాకది జైలు శిక్ష. ఏదో టీవీల గురించి వచ్చామని చెప్పి కూర్చోవడం, ఇచ్చిన కాఫీ తాగడం, టీవీ కింద గూట్లో మిషన్ ఉందో లేదో ఓ కంట చూసి బయటపడటం. మగవాళ్ళు ఆఫీసుల నుంచి వచ్చేవేళకి ఒక్క ఇంటికి వెళ్ళేవాళ్ళం, అంతటితో ఆ రోజుకి సరి. ఎంత పోరినా రెండో ఇంటి గడప తొక్కేవారు కాదు. అలసిన కన్ను తప్పు చూస్తుందట.

బోరబండ వీధిలో దాదాపు ఏమీ లేదు. మియాపూర్‌లో అక్కడొకటీ ఇక్కడొకటీ. హఫీజ్‌పేట్ కాలనీలో మాత్రం మేం వెళ్ళిన ప్రతి ఇంట్లో మిషన్ ఉంది! అన్నింటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. దసరాకి స్కూటర్‌కీ కుట్టుమిషన్‌కీ పెట్టినట్టే దీనికీ పెట్టారన్నమాట. చెన్నకేశవులు గారు మురిసిపోయారు. "చూశావా, ఆయుధపూజలో చోటిచ్చారంటే ఇంట్లో మనిషితో సమానం. ఇక దీన్ని వదలరు, దీని తర్వాత వచ్చేదాన్నీ కొంటారు" అన్నారు. నాకూ నిజమేననిపించింది. ఆ కాలనీ దెబ్బకి మా గ్రాఫు పైకి లేచింది. అది చూసి అవినాష్ ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేశాడు.

అంచనా రాయడం పూర్తయిన రోజు పొద్దున్నే ఆయన్ని తీసుకెళ్ళడానికి మియాపూర్ వెళ్ళాను. గుమ్మంలో పాలు పోసే భూలక్ష్మి ఉంది. హఫీజ్‌పేట్ ఊరి మనిషి, గట్టి గొంతు. పాలు కొలుస్తూ ఆయన్ని అడిగింది.

"సారూ, మీరు గా టీవీ ఆటల మీదనే లెక్కలు చేస్తుండ్రట గదా? మాకు బర్రెలు మేపనీకి జాగ లేకుండైంది. యాడ జూసినా అపార్ట్‌మెంట్లే. కోఠిల ఒకాయన సీడీ మిషన్లు ఇస్తనన్నడు. రెండు బర్రెలు అమ్మేసి, కొట్టం సాఫ్ చేసి, గా మిషన్లు పెట్టి దుకాణం నడుపుదామనుకుంటున్న. పెట్టాల్నా, వద్దా?"

నాతో ఆయన ఎన్నోసార్లు అన్నారు, మా లెక్క జిల్లాకి చెబుతుంది గానీ ఒక్క రైతు చేనుకి చెప్పదని. ఆ మాటే ఆవిడకీ చెప్పి ఊరుకుంటారనుకున్నాను. కానీ ఆఫీసు బయట ఒక మనిషి ఆయన అంచనా కోసం ఎదురుచూడటం బహుశా అదే మొదటిసారి. మొహం వెలిగిపోయింది.

"పెట్టమ్మా. దివ్యంగా నడుస్తుంది" అన్నారు.

"గట్లనా? ఇగ ఫికర్ లేదు" అని భూలక్ష్మి పాలక్యాను ఎత్తుకుంది. ఆవిడకా రెండు గేదెలే ఆధారం. పెనిమిటి ఐలయ్య మేస్త్రీ పనిలో కాలు విరగ్గొట్టుకుని ఇంట్లోనే ఉంటున్నాడని సుబ్బలక్ష్మి గారు తర్వాత నాతో అన్నారు.

ఆ తర్వాత మూడో రోజు, సింగపూర్ వాళ్ళతో మీటింగ్ మధ్యాహ్నం అనగా, చెన్నకేశవులు గారు పొద్దున్నే ఇంకోసారి చూసి రావాలన్నారు. వాళ్ళ శాఖలో అదో ఆచారం. కొలిచిన చేలల్లో ఒకదాన్ని మళ్ళీ కొలిచి గానీ అంచనా వదలరు. నేను విసుక్కుంటూనే బండి తీశాను. పుస్తకం ఈసారి హఫీజ్‌పేట్ కాలనీలో వీరలక్ష్మి గారి ఇల్లు చూపించింది. ఆవిడ భర్తది ఆర్టీసీలో ఉద్యోగం, వాళ్ళది తణుకు. మేం వెళ్ళి కూర్చున్నాం. టీవీ కింద గూడు ఖాళీగా ఉంది.

చెన్నకేశవులు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అప్పుడు నియమం పక్కన పెట్టి నోరు తెరిచి అడిగారు. "అమ్మా, ఇక్కడ ఆటల మిషన్ ఉండాలే?"

"అయ్యో, అది మాది కాదండీ!" అన్నారు వీరలక్ష్మి గారు. "పాలు పోసే భూలక్ష్మిది. పాలతో పాటు బుట్టలో పెట్టుకొచ్చి కిరాయికిస్తుంది. మర్నాడు పాలు పోసేటప్పుడు పక్కింటికి పట్టుకుపోతుంది. వీధంతా వరసగా వంతులేనండీ."

"మరి పసుపూ బొట్టూ?"

"అవీ ఆవిడే పెట్టిందండీ. పాలక్యాన్లకి పెడుతూ దానికీ పెట్టిందట."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. ఆ మిషన్ రోజుకో ఇల్లు చొప్పున ముందుకు జరిగింది. మేమూ రోజుకో ఇల్లు చొప్పున దాని వెనకే జరిగాం. ఒక్క మిషన్‌కి వీధి వీధంతా రాసుకున్నాం. చేను అబద్ధమాడదు నిజమే గానీ, చేను ఇల్లిల్లూ తిరగదు కదా! ఇదంతా పైకి అనేద్దామని ఆయన వైపు తిరిగాను. ఆయన మొహం చూశాక అనలేకపోయాను.

"ఈ పూటతో ఆ వంతులూ అయిపోయినట్టేలెండి" అన్నారు వీరలక్ష్మి గారు. "గేదెల్ని అమ్మేస్తోంది కదండీ. ఇందాక పాలు పోస్తూ చెప్పింది, బేరగాడు వస్తున్నాడట."

ఆయన కాఫీ ముట్టకుండా లేచారు. బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డారు. ముందు అవినాష్‌కి చెప్పాలన్నాను. మధ్యాహ్నం మీటింగ్ ఉంది, లెక్క తప్పితే ముందు పై అధికారికి తెలియజేయాలని ఆయనే నాకు పాఠం చెప్పారు. ఆయన వెనక ఎక్కి కూర్చుని సంచి ఒళ్ళో సర్దుకున్నారు.

"ఊళ్ళోకి పోనీ అమ్మా. భూలక్ష్మి ఇంటికి" అన్నారు. ఆ రోజు గోతుల్లో ఒక్కసారి కూడా నెమ్మది అనలేదు.

మేం వెళ్ళేసరికి కొట్టం ముందు గేదెలు రెండూ బయటికి తెచ్చి ఉన్నాయి. బేరగాడు కిష్టయ్య ఒకదాని పళ్ళు చూసి, రెండో దాని పలుపు చేతిలోకి తీసుకున్నాడు. ఐలయ్య గడప మీద కూర్చుని గేదెల వైపు చూడకుండా నేల గీకుతున్నాడు. భూలక్ష్మి మమ్మల్ని చూసి, "రాండ్రి సారూ! మీ మాట మీదనే ఇస్తున్న" అంది సంతోషంగా.

చెన్నకేశవులు గారు చొక్కా సర్దుకుని, పై అధికారి ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డారు.

"భూలక్ష్మమ్మా, నేను చెప్పిన లెక్క తప్పు" అన్నారు.

కిష్టయ్య పలుపు వదల్లేదు. "ఏంది సారూ, బేరం అయినంక?" అని గుర్రుమన్నాడు.

ఆయన అతనికేసి చూడలేదు. ఆవిడకే చెప్పుకుపోయారు. "కాలనీలో ఇంటింటికీ మిషన్ ఉందనుకున్నాను. ఉన్నది నీదొక్కటేనట. అడిగి ఉంటే మొదటి రోజే తెలిసేది, అడగలేదు. వాళ్ళెవరూ మిషన్లు కొనలేదమ్మా. నువ్వు పాలకి రోజూ గుమ్మంలోకి వస్తున్నావు కాబట్టి ఆడుకుంటున్నారు. గేదెలు పోతే నువ్వు ఆ గుమ్మాలకి వెళ్ళవు. అప్పుడు వాళ్ళు వెతుక్కుంటూ నీ దుకాణానికి వస్తారో రారో నాకు తెలియదు."

"సీడీలవి? అవి నడుస్తయా, నడ్వయా?"

"అదీ తెలియదు."

జీవితమంతా అంచనాలు కట్టిన మనిషికి ఆ మాట ఎంత కష్టమో నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది. ఆ ముందురోజు దాకా ఆయన్ని ఆటపట్టించడం తప్ప ఏమీ ఎరగని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఐలయ్య గడప మీంచి తలెత్తి భూలక్ష్మిని చూశాడు. ఆవిడ వెళ్ళి కిష్టయ్య చేతిలోంచి పలుపు తీసుకుంది. కిష్టయ్య లెక్కల సార్లని, ఆటల మిషన్లని, ఆడవాళ్ళ బేరాలని కలిపి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ గేదెల్ని మళ్ళీ కొట్టంలో కట్టేసింది. "గడ్డికి ఇగ ఎట్లనన్న పరేషాన్ పడాలె" అని తనలో తాను అనుకుంటూ వచ్చి, ఆయనకి చెంబుతో నీళ్ళిచ్చింది.

"క్షమించమ్మా" అన్నారాయన.

"గదేం మాట సారూ? నా చిన్నప్పుడు మా నాయిన పొలంల గిట్లనే లెక్కలోళ్ళు వచ్చి, తాడు కట్టి కోసి, జోకి రాసుకపోయిండ్రు. ఎంతొచ్చిందో, ఏం రాసిండ్రో మళ్ల ఒక్కడు ఒచ్చి చెప్పలె. మా నాయిన ఎన్ని దినాలు ఎదురుచూసిండో!" ఆవిడ ఖాళీ చెంబు అందుకుంది. "మీ లెక్క ఒప్పైతే రాకుండ్రి, మాకే కనబడతది. తప్పైతే మాత్రం గిట్లనే వచ్చి చెప్పుండ్రి."

ఆయన సరేనని తలూపారు. తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆఫీసుకు ఫోన్ చేయాలి, దగ్గర్లో ఎస్టీడీ బూత్ ఎక్కడుందమ్మా అని ఆవిణ్ణే అడిగారు.