హాజరు పలికిన కంచం

మా బడిలో హాజరు పిలిస్తే పిల్లలందరూ "ప్రెజెంట్ టీచర్" అనేవారు. ఒక్క పిల్ల మాత్రం కంచం కొట్టేది.

పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్ల. మాట గొంతు దాటి వచ్చేది కాదు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అమ్మానాన్నలు భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో కూలికి కుదిరి, అక్కడే రేకుల షెడ్డులో ఉండేవారు. పిల్లని మామ్మ పెంచేది. రోజూ చంకనేసుకుని తెచ్చి, గోడకి చేర్చి కూర్చోబెట్టి, "ఇదిగో టీచరమ్మా, మీ గుంట" అని పిల్లని నాకప్పగించి పొలం పనికి పోయేది.

బళ్లో చేరిన మొదటిరోజు పేరు పిలిచాను. పలకాలని ఆ పిల్ల మెడ నరాలు బిగబట్టి ప్రయత్నించింది. మాట రాలేదు. ఈలోగా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కోపమొచ్చి, మధ్యాహ్నం అన్నానికి తెచ్చుకున్న స్టీలు కంచాన్ని నేలకేసి ఒక్క దెబ్బ కొట్టింది. వెనక నవ్వు ఆగిపోయింది. నేను "వచ్చింది" అని రిజిస్టర్లో టిక్కు పెట్టాను. మర్నాటి నుంచి అదే అలవాటైపోయింది. ఆమె కంచం కొట్టడం, నేను "వచ్చింది" అనడం. ఆ మాట వినేదాకా నా నోటివైపే చూసేది. విన్నాక నవ్వేది.

లెక్కలు కూడా కంచంతోనే చెప్పేది. రెండూ మూడూ ఎంతంటే ఐదు దెబ్బలు. మిగతా పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టి, సరిపోతే చప్పట్లు కొట్టేవారు. నవ్విన పిల్లలే రెండు నెలలు తిరిగేసరికి ఆమె కంచం కడిగి పెట్టేవారు.

మరి ఇంత బాగుంటే ఏమైందని అడుగుతారు. ఏమైనా నా వల్లే అయింది.

ఆ ఏడు రెండో టీచరు డెప్యుటేషన్ మీద వేరే ఊరు వెళ్లిపోయింది. ఐదు తరగతులకీ నేనొక్కదాన్నే. యాపుల్లో ఫొటోలు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క చూసుకోవాలి, మధ్యలో ఎప్పుడైనా పాఠం చెప్పాలి. మా బడికి ర్యాంపు ఉంది. గది గుమ్మం దగ్గర మొదలై వరండాలో ఆగిపోతుంది. మరుగుదొడ్డికి మూడు మెట్లు దిగాలి. పిల్లని నేనే ఎత్తుకుపోవాలి. ఒక్కోరోజు ఆలస్యమై, గౌను తడిసిపోయేది. కడిగి, మార్చి, వచ్చేసరికి క్లాసు సంత అయిపోయేది. తనిఖీకి వస్తున్నారని కబురొచ్చిన వారం ఆ వాసనకి నాకు సిగ్గేసింది. ఆ పిల్లని చూసి కాదు, నన్ను చూసి ఏమనుకుంటారో అని.

అసలు కదల్లేని పిల్లలకి ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటొకటి ఉంది. కాగితాల్లో హోమ్ బేస్డ్ అంటారు. పేరు బడి రిజిస్టర్లోనే ఉంటుంది. మండలంలో ఇలాంటి పిల్లల్ని చూసే టీచరు వారానికోసారి ఇంటికి వెళ్తుంది. ఆ టీచరు నాకన్నా చాలా చిన్నది. రాగలిగే పిల్లని ఇంట్లో కూర్చోబెట్టొద్దని నాకు నచ్చజెప్పింది. మీకేం, వారానికోసారి వచ్చి వెళ్తారని ఆమె నోరు మూయించాను. 'హోమ్ బేస్డ్' అన్న ఆ రెండు మాటలూ రిజిస్టర్లో పిల్ల పేరు పక్కన నా చేత్తోనే రాశాను.

సాయంత్రం మామ్మతో, ఇక మొయ్యక్కర్లేదు, టీచరే మీ ఇంటికొస్తారని, ఏదో ఉపకారం చేస్తున్నట్టు చెప్పాను.

"బడి ఇంటికొస్తాదా అమ్మా? గుంటలందరూ వస్తారేటి?" అంది మామ్మ.

నేను ఫోను తీసి యాపులో ఫొటోలు ఎక్కించడం మొదలుపెట్టాను.

తర్వాత చాలా రోజులు హాజరు పిలుస్తుంటే పిల్లలు ఆమె పేరు రావాల్సిన చోట కంచం చప్పుడు కోసం ఆగిపోయేవారు. తర్వాతవాళ్లు పలకరేమని కసిరాను. కొన్నాళ్లకి ఆగడం మానేశారు.

ఇంటికెళ్లే టీచరు మొదట్లో వారం వారం వెళ్లింది. మండలమంతా ఆమె ఒక్కతే కాబట్టి తర్వాత నెలకోసారైంది. ఆపైన ఆమెకి బదిలీ అయింది. కొత్తవారు రాలేదు. ఇదంతా నాకు తెలుసు. వెళ్లి చూద్దామనే అనుకునేదాన్ని. మొహం చెల్లక వాయిదా వేశాను.

చివరికి నన్ను ఆ ఇంటికి తీసుకెళ్లింది ప్రేమ కాదు, ఆధార్ కాగితం. దానికి పిల్ల వేలిముద్ర కావాల్సొచ్చింది. అప్పటికి ఏడాది దాటింది. పిల్ల అరుగు మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది. పొడుగైంది. కూర్చోబెట్టేవాళ్లు లేక మోకాళ్లు మడతపడి అలాగే ఉండిపోయాయి. వికలాంగుల క్యాంపులో ఇచ్చిన చక్రాల కుర్చీ సందులో బురద దాటలేక చూరు కింద ఉంది.

కంచం తలదగ్గరే ఉంది. తిండి వేళ కాదు. ఎందుకని అడిగాను.

"బడి గంట ఇనబడగానే కంచం అందియ్యమని కళ్లతో సైగ సేస్తాది. ఒక్క దెబ్బ కొడతాది. కొట్టి, ఈదికేసి సూస్తాది. నానేటి పలకాలో నాకు తెలీదు కదమ్మా" అంది మామ్మ.

రేపట్నుంచి మళ్లీ బడికి తెమ్మన్నాను. బతిమాలినట్టే అడిగాను. మామ్మ తన మోకాలు పట్టుకుని చూపించింది.

"అప్పుడైతే మోసీదాన్ని. రమ్మంటే రోజూ తెద్దును. ఇప్పుడు అది బరువైపోనాది, నాను సచ్చుబడిపోనాను" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

పిల్ల నన్ను గుర్తుపట్టింది. వంకరపోయిన చెయ్యి నెమ్మదిగా జరిపి, కంచం పట్టుకుని, అరుగు మీద ఒక్క దెబ్బ కొట్టింది. నా నోటివైపు చూసింది.

"వచ్చింది" అన్నాను.

పిల్ల నవ్వింది. ఆమె బడికి రాలేదు. వస్తూ ఉంటే నేనే వద్దన్నాను.