చెలమకు ముస్తాబు

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని కాస్త మంచి పనికి వాడుకుందామని డిగ్రీ అయిపోయాక ఒక చిన్న సంస్థలో చేరాను. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. అడవి పల్లెల్లో ఏ కష్టం ఉందో ఆ ఊరివాళ్ల నోటితోనే చెప్పించి వీడియో తీయాలి. టీవీతో సహా జీపులో వేసుకెళ్లి అధికారికి చూపించాలి. అర్జీ పక్కన పెట్టేసే మనిషి కూడా టీవీ పెడితే చూడకుండా ఉండలేడని మా నమ్మకం. అది నిజమే. టీవీ పెట్టగానే అటెండర్లు, పక్క గదుల్లోవాళ్లు, చాయ్ ఇవ్వడానికి వచ్చినాయన కూడా అక్కడే నిలబడిపోయేవాళ్లు.

మేముండే ఖానాపురం హవేలీలో మా వీధివాళ్లకు ఈ ఉద్యోగం ఏమిటో ఎంత చెప్పినా ఎక్కలేదు. "మా అమ్మాయి టీవీల చేస్తది" అని మా అమ్మ తేల్చేసింది. చర్చిలో అడిగినవాళ్లందరికీ అదే మాట. ఏ టైముకు వస్తదని వాళ్లు ఎదురడిగితే కరెంటు పోయే టైముకు వస్తదని తప్పించుకునేది.

మాది ఇద్దరి జట్టు. కెమెరా పట్టేది కల్లూరు నుంచి వచ్చిన ఒక అన్న. పదేళ్లు పెళ్లి వీడియోలు తీసిన చెయ్యి కదా, విరిగిన కల్వర్టును కూడా పెళ్లికూతుర్ని చూసినట్టే చూసేవాడు. దాని ముందు ఊరివాళ్లను వరసగా నిలబెట్టి, "పెద్దోళ్లు నడిమిట్ల నిలబడండ్రి, పిల్లలు కింద కూసోండ్రి, అందరు జర నవ్వుండ్రి" అనేవాడు. నవ్వడానికి ఏముందన్నా అంటే, "ఏడుపు మొఖాలు ఎవరు చూస్తరమ్మా" అని నన్నే కోప్పడేవాడు. తీసినదాని మీద గులాబీ రేకులు రాలిస్తే గానీ ఆయనకు ఎడిటింగ్ అయినట్టు కాదు.

దమ్మపేట దాటాక అడవి అంచున ఒక కోయగూడెం ఉండేది. అక్కడ బోరింగు లేదు. వాగు ఇసుకలో చేతులతో తవ్వుకున్న చెలమలో ఊరే నీళ్లే తాగడానికి. పశువులూ అక్కడికే వస్తాయి. వానలు మొదలైతే పిల్లలకు వాంతులు, విరేచనాలు. కిందటి వానల్లో ఒక పసిపిల్ల పోయింది. ఈసారి వానలు రాకముందే బోరింగు పడాలని ఊరంతా పట్టుబట్టింది. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది ఆ పిల్ల నాయనమ్మ. ఆమెకు ఇంకో మనుమడు ఉన్నాడు, అప్పుడప్పుడే అడుగులేస్తున్నాడు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ అవ్వే చెలమ దగ్గరికి తీసుకెళ్లింది. చుట్టూ పేడ, అంచులకు పచ్చటి పాచి. ఒక దూడ దర్జాగా చెలమలో కాళ్లు పెట్టి నిలబడి, మీకేం పని అన్నట్టు మమ్మల్ని చూసింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నాకు లోపల సంతోషం వేసింది. ఇది చూస్తే ఏ అధికారి అయినా కుర్చీలోంచి లేస్తాడనుకున్నాను. ఆ రోజు కెమెరా అన్నతో పాటు వేరే పల్లెకు పోయింది. బేస్తవారం వచ్చి ఉన్నది ఉన్నట్టు తీసుకుపోతామని చెప్పి వచ్చాను.

బేస్తవారం వెళ్లేసరికి ఊరు ఊరులా లేదు. వాకిళ్లన్నీ అలికి ఉన్నాయి. ఆడవాళ్లు ఉతికిన చీరల్లో, మగవాళ్లు తలకు నూనె రాసుకుని తయారుగా ఉన్నారు. వాగు దాకా దారి ఊడ్చి ఉంది. పేడ లేదు, దూడ లేదు. చెలమను కొత్తగా, లోతుగా తవ్వి, చుట్టూ గుండ్రటి రాళ్లు పేర్చారు. పైన పచ్చటి కొమ్మలతో చిన్న పందిరి కూడా వేశారు. నీళ్లలో అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చు.

అన్నకు ప్రాణం లేచి వచ్చింది. "అబ్బ, ఏం ఫ్రేమమ్మా!" అంటూ అప్పుడే మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అవ్వా, ఎవరు చెయ్యమన్నరు గిదంతా? ఉన్నది ఉన్నట్టు తీస్తమని చెప్పిన గద!"

"మొన్న నువ్వొక్కదానివే వచ్చినవు బిడ్డా. ఇయ్యాల కెమెరా తెచ్చినవు. నలుగురు చూసేది గద."

"గిది చూపిస్తె ఎవరన్న బోరింగు ఇస్తరా? ఒక్క పని చెయ్యండి. పశువులను జర ఇటు తోలుకరాండి. అయిదు నిమిషాలు చాలు."

ఎవరూ కదల్లేదు. అవ్వ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"మీ ఇంట్ల పెండ్లయితే అంట్ల గిన్నెలు ముందట పెట్టుకోని ఫొటో దిగుతరా?"

"దిగరు అవ్వా," అన్నాడు అన్న, ఇది తన శాఖ కాబట్టి. "పదేండ్ల సంది తీస్తున్న, ఒక్కరు గూడ దిగలే."

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. "పిల్ల పోయింది. నీళ్లు గావాలె, అడుగుతం. మురికి మొఖంతోని అడిగితెనే ఇస్తరా? కడుక్కోని అడిగితె ఇయ్యరా?"

 మా ఇంట్లో ప్రార్థనకు పాస్టర్ గారు వస్తున్నారంటే విడిచిన బట్టలన్నీ మంచం కిందికి తోసేది ఎవరు? నేనే. మా అమ్మ పక్కింటి దుప్పటి అడిగి తెచ్చి దివాన్ మీద పరిచేది. పాస్టర్ గారు మా ఇంటిని ఉన్నది ఉన్నట్టు చూడాలని మాకు ఏనాడూ అనిపించలేదు. ఈ ఊరు మాత్రం నా వీడియో కోసం మురికిగా ఉండాలి. అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు. "తియ్యన్నా, ఎట్లుంటె అట్ల తియ్యి" అన్నాను.

నెలాఖరులో మంచినీళ్ల పనులు చూసే అధికారి మాకు టైమిచ్చాడు. అవ్వను, ఊరివాళ్లలో ఇద్దర్ని జీపులో ఎక్కించుకున్నాం. ఆయన టేబుల్ మీద ఫైళ్లు జరిపి టీవీ పెట్టాం. బొమ్మ పడింది. అన్న నాకు చెప్పకుండా చెలమను హృదయాకారపు చట్రంలో పెట్టాడు. పందిరి మీద నుంచి గులాబీ రేకులు రాలుతున్నాయి. వెనక సన్నాయి.

"ఏందమ్మా ఇది, పాపికొండల టూరు క్యాసెట్టా?" అన్నాడు అధికారి. అటెండర్లు పగలబడి నవ్వారు. అన్న కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ అధికారి చెడ్డవాడు కాదు. చివరిదాకా చూశాడు. చూశాక, "నీళ్లు అద్దం లెక్క ఉన్నయ్. ఈ మాత్రం గూడ లేని ఊళ్లు నా చేతిల చానా ఉన్నయ్. ముందు వాళ్లకు ఇయ్యాలె గదమ్మా" అని చాయ్ గ్లాసు అందుకున్నాడు.

ఆ మాట న్యాయంగానే ఉంది, అదే నా బాధ.  అవ్వ కుర్చీలోంచి లేచింది.

"సారూ, మీరు చూస్తరని ఊరంత పని బంద్ పెట్టి తవ్వినం, తోడినం. పసులను వాగు అవతలికి తోలినం. ఈళ్ల జీపు మలుపు తిరిగిందో లేదో దూడ మల్ల అండ్ల నిలబడ్డది. దానికి గూడ దూప అయితది గద. మీరు రోజూ చూస్తనంటె రోజూ గిట్లనే పెడతం. చూడనంటె బోరింగు ఎయ్యండ్రి."

"రోజూనా?"

"అవ్ సారూ, రోజూ."

ఆయనకు నవ్వొచ్చింది. "నేను చెప్పకుండ వస్తె?"

"గట్ల రావొద్దు. చెప్పి రాండ్రి. మీకు చాయ పెట్టాలె గద."

"ఏ నీళ్లతోని పెడతవ్?" అని నవ్వుతూ అనేసి, ఆయన ఆగిపోయాడు.  తన చేతిలోని గ్లాసును చూసి, తాగకుండా టేబుల్ మీద పెట్టాడు. ఆ ఊరి కాయితాలు తీయమని గుమాస్తాను పిలిచాడు.

తీయడం వేరు, కదలడం వేరు. నెల రోజుల పాటు వారానికి రెండుసార్లు ఆ ఆఫీసుకు వెళ్లి నా కోపాన్ని మర్యాదగా ప్రయోగించాను. నన్ను చూడగానే గుమాస్తా "అయితదమ్మా, జల్దీనే అయితది" అనడం అలవాటు చేసుకున్నాడు. చివరికి ఆకాశంలో మొదటి మబ్బులు కనబడుతుండగా, ఊళ్లో ఎవరికీ చెప్పా పెట్టకుండా బోరు లారీ ఆ గూడేనికి బయలుదేరింది. గుమాస్తా ఫోన్ చేస్తే నేనూ అన్నా జీపులో దాని వెనకే పరుగెత్తాం.

మేం చేరేసరికి ఊళ్లో ఎవరూ ముస్తాబులో లేరు. లారీ చుట్టూ గుంపు, చెవులు చిల్లులు పడే మోత, తెల్లటి దుమ్ము. "చెప్పకుండ వచ్చిండ్రేందయ్యా, వాకిలన్న ఊడ్వలేదు" అని అవ్వ లారీవాళ్లతో గొడవ పెట్టుకుంది. ఆ మోతలో వాళ్లకు ఒక్క ముక్క వినబడలేదు. అంతలో బోరు నోట్లోంచి బూడిదరంగు బురద ఒక్కసారి పైకి లేచి, దగ్గరున్న అందరి మీదా పడింది. అవ్వ మనుమణ్ని చంకనేసుకుని అందరికంటే ముందుంది. ఇద్దరికీ కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. చీర, జుట్టు, పిల్లాడి బట్టల్లేని ఒళ్లు అంతా బురదే. కాసేపటికి ఆ బురద పలచబడి, నీళ్లయింది.

ముస్తాబు లేని ముఖాలు తీయని అన్న అలవాటుగా కెమెరా దించేశాడు. నేను కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాను. అవ్వే వచ్చి మా ముందు నిలబడింది.

"గిప్పుడు తియ్యి బిడ్డా," అంది. "నీకు మురికి గావాలంటివి గద."

టేపు అయిపోయేదాకా ఆమె ముఖం కడుక్కోలేదు.